విడిచే వస్త్రము, తొడిగే వస్త్రము

వై.ఎన్.హొసకోట మగ్గాల ఊరు. పావగడ తాలూకా కర్ణాటకములోని తుమకూరు జిల్లాకు చేరినదే అయినా, పటములో చూస్తే దాదాపు అన్ని వైపులా ఆంధ్ర పల్లెలే దానిని చుట్టుకొని కనిపిస్తవి. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడము, సంతలో రెండూ కలిసిన మాట. పట్టుచీరలు నేసే ఇండ్లలో తెల్లవారక మునుపే మగ్గము చప్పుడు మొదలవుతుంది. వాన పడితే శనక్కాయ చేలు, పడకపోతే మగ్గమే దిక్కు. ఇటువంటి ఊరిలో రక్షణ, మోక్షము వంటి పెద్ద మాటలు కూడా పోగులతోనూ గింజలతోనూ కలిసే మనసుకు ఎక్కుతవి.

ఈ వ్యాసము ఒక ప్రశ్న వలన పుట్టినది. ఆ ప్రశ్న అడిగినది మా అమ్మ.

మా వీధిలో ఒక క్రైస్తవ టీచరమ్మ చాలా ఏండ్లు కాపురమున్నారు. ఆమె పుట్టిల్లు అనంతపురము జిల్లాలోని ఒక పల్లె. సాయంకాలము బడి వదిలిన తరువాత మా ఇంటికి వచ్చి, మా అమ్మ అచ్చు అతుకుతూ ఉంటే పక్కన కూర్చుని మాట్లాడేవారు. ఒకరి పండుగకు ఒకరు పిలుచుకొనేవారు. క్రిస్మస్‌కు వారి ఇంటి నుండి మాకు పలహారాలు వచ్చేవి, ఉగాదికి మా ఇంటి నుండి వారికి ఓళిగలు వెళ్ళేవి. దేవుని గురించి ఇద్దరూ వాదించుకోగా నేను ఎన్నడూ వినలేదు. ఆమె కాలము చేసినప్పుడు పుట్టిన ఊరిలోనే సమాధి చేసినారు. కొన్ని మాసములకు సమాధి మీద రాయి నిలిపినారని తెలిసి మేము చూడబోయినాము. రాతి మీద ఆమె పేరు, దాని క్రింద “ప్రభువునందు నిద్రించినది” అనే మాట చెక్కి ఉన్నవి.

మా అమ్మకు చదువు రాదు. నేను చదివి చెప్పగా కొంతసేపు ఊరకుండి అడిగినది: “నిద్రపోయిందని రాసినారే, నాయనా! నిద్రపోయినోళ్ళు లేస్తారు గదా. ఈమె ఎప్పుడు లేస్తుందంట? లేస్తే ఈమే లేస్తుందా, ఇంకెవరన్నా లేస్తారా?”

నాకు జవాబు తెలియలేదు. తెలుగు దేశములో మన ఇరుగు పొరుగున ఎన్నో తరములుగా క్రైస్తవులు ఉన్నారు. వారి పెండ్లిండ్లకు వెళతాము, వారి బడులలో చదువుకొంటాము, వారి ఆసుపత్రులలో పురుడు పోసుకొంటాము. అయినా వారు దేనిని నమ్ముకొని కన్నుమూస్తారో మనలో చాలమందికి తెలియదు. నేను తెలిసినవారిని అడిగి, బైబిలు చదివి, గ్రహించినంత మేరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

రెండు మాటలు

క్రైస్తవుల నోట తరచు వినిపించే మాట “రక్షణ”. యేసు అనే పేరుకు హీబ్రూ భాషలో అర్థమే “దేవుడు రక్షించును” అని. నీటిలో కొట్టుకొనిపోయే వానిని ఒడ్డున ఉన్నవాడు చేయి అందించి లాగినట్లు, పాపములోను మరణములోను చిక్కిన మనిషిని దేవుడే ముందుకు వచ్చి లాగుట రక్షణ. అందులో మనిషి చేయగలిగినది అందించిన చేతిని పట్టుకొనుట. ఆ పట్టుకొనుటకే వారు “విశ్వాసము” అని పేరు పెట్టినారు. అడుగకుండానే, అర్హత చూడకుండానే చేయి చాచిన దేవుని మంచితనమునకు “కృప” అని పేరు.

తెలుగులో ఈ భావములను చెప్పుటకు పాదిరులు మొదటి నుండి మన మాటలనే వెదికినారు. 18వ శతాబ్దములో ఫ్రెంచి జెస్విటులు మన సీమకు దగ్గరలోనే, బుక్కపట్నము, కృష్ణాపురము ప్రాంతములలో తెలుగు నేర్చి బోధించినారు. ఆ కాలపు కథోలిక సంప్రదాయములో దేవునికి “సర్వేశ్వరుడు” అనే పేరు, పరలోకమునకు “మోక్షము” అనే మాట నిలిచిపోయినవి. క్రీస్తు పరలోకమునకు ఎక్కిపోయిన పండుగను కథోలికులు నేటికీ “మోక్షారోహణ” పండుగ అంటారు. ఆ శతాబ్దములోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను “వేదాంత రసాయనము” అనే పేరుతో పద్యకావ్యముగా వ్రాసినాడు. క్రీస్తు కథకు వేదాంతమని పేరు పెట్టిన కాలమది.

తరువాత 1805లో విశాఖపట్నము చేరిన లండన్ మిషను పాదిరులు క్రాన్, డెస్ గ్రాంజెస్ అనువారు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తలను తెనిగింప పూనుకొన్నారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయినవి. సంపూర్ణమైన తెలుగు బైబిలు 1854 నాటికి వెలువడినది. ఈ బైబిలు వలన “రక్షణ”, “పునరుత్థానము” అనే మాటలు పల్లె పల్లెకూ చేరినవి.

పునరుత్థానము అంటే తిరిగి లేచుట. క్రీస్తు శుక్రవారమున సిలువ మీద చనిపోయి, సమాధి చేయబడి, మూడవ దినమైన ఆదివారమున సమాధి నుండి లేచినాడని వారి నమ్మిక. అంతటితో ఆగదు. ఆయన మొదట లేచినవాడు మాత్రమే. ఆయనను నమ్ముకొన్నవారు కూడా కడపటి దినమున అలాగే లేస్తారని వారి నిరీక్షణ. క్రీస్తు లేవనిదే అయితే తమ నమ్మకమంతా వట్టిదేనని పౌలు అనే అపొస్తలుడు దాచకుండా వ్రాసినాడు. ఇంటికి నడిమి దూలము ఎటువంటిదో వారి మతమునకు ఈ నమ్మిక అటువంటిది.

పునర్జన్మ కాదు

ఇక మా అమ్మ ప్రశ్న. లేచేది ఆమేనా, మరొకరా?

మనకు తెలిసిన పునర్జన్మ వేరు, ఈ పునరుత్థానము వేరు. ఆత్మ ఒక దేహమును విడిచి మరొక దేహమును ధరించుటను భగవద్గీత పాత బట్టను విడిచి కొత్త బట్టను కట్టుకొనుటతో పోల్చినది. అది మనకందరికీ పరిచితమైన ఉపమానము. చావు ఇంటిలో ఆ శ్లోకము వినని తెలుగువాడు అరుదు. విడిచిన బట్ట కోసము ఎవరూ ఏడవరు అనేది అందులోని ఓదార్పు.

విశేషమేమంటే, పౌలు కూడా ఈ సంగతి చెప్పుటకు బట్టనే తీసుకొన్నాడు. అతడు చేతిపని చేసి బ్రతికినవాడు. డేరాలు కుట్టుట అతని వృత్తి. కొరింథు పట్టణములో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు అదే వృత్తివారు గనుక వారి ఇంటనే ఉండి పని చేసినాడు. బోధకు కూలి తీసుకోరాదని అతని పట్టుదల. ఆ కొరింథు సంఘమునకే క్రీ.శ. 55 ప్రాంతములో వ్రాసిన పత్రికలో పదునైదవ అధ్యాయము మొత్తము పునరుత్థానమును గురించినది. నశించే ఈ దేహము నశించని దానిని తొడుగుకొనవలెనని అక్కడ చెప్పినాడు. రెండవ పత్రికలో ఇంకా వివరముగా, మన దేహము ఒక డేరా వంటిదని, అది విప్పివేయబడునని, అయినా తాను కోరుకొనేది బట్ట విడిచి ఉండుటను కాదని, ఉన్న దాని మీద మరొకటి తొడుగుకొనుటనని వ్రాసినాడు.

రెండు ఉపమానములనూ పక్కపక్కన ఉంచి చూడండి. గీతలో పాత బట్ట విడువబడుతుంది, లోపలివాడు మిగులుతాడు. పౌలు మాటలో దేహము కూడా దేవుడు చేసినదే కనుక, దానిని దేవుడు పారవేయడు. దాని మీద మహిమను తొడుగుతాడు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని చెప్పుటకు నేను పూనుకోలేదు. రెండూ ఒకటే అని చెప్పుట మాత్రము రెండింటికీ అన్యాయము.

ఈ సంగతి అమ్మకు చెప్పినప్పుడు ఆమె చేతిలో పని ఆపలేదు. ఒక పడుగు నేసి ముగించిన తరువాత అచ్చులో దాని కొసలు మిగులుతవి. కొత్త పడుగు పోగులను ఆ పాత కొసలకు ఒక్కొక్కటిగా పురి వేసి అతుకుతారు. వేల పోగులు, ఒక్కటి తప్పినా చీరలో గీత పడుతుంది. అమ్మ ఆ పనిలోనే ఉండి, “అట్లయితే ఇట్లాంటిదే గదా. పాత కొసను పారేయరు. దానికే కొత్తది అతుకుతారు. ఏ పోగుకు ఆ పోగు” అన్నది. నేను చదివిన పుస్తకములలో ఇంత తేటగా చెప్పినది నాకు కనబడలేదు. ఉపమానము ఉపమానమే. అయినా లేచేది ఆమేనా అన్న ప్రశ్నకు క్రైస్తవుల జవాబు అదే: ఆమే, వేరొకరు కాదు, అయితే ఉన్నట్లుగా కాదు, మార్పు పొంది.

ఈ మార్పును పౌలు గింజతో కూడా పోల్చినాడు. మన మెట్ట చేలలో తొలకరికి శనక్కాయ విత్తనము వేస్తాము. భూమిలో పడిన పప్పు పప్పుగా మిగలదు. పైకి వచ్చిన ఆకు, పువ్వు చూస్తే వేసిన పప్పుకు పోలికే లేదు. అయినా అది ఆ పప్పు నుండి వచ్చిన చెట్టే. సమాధి చేయుటను విత్తుటగా, లేచుటను మొలకగా అతడు చూపినాడు. కరవు సీమ రైతుకు దీనిలోని భయమూ ఆశా రెండూ తెలుసు. ఇంట తినుటకు లేని ఏడు కూడా విత్తనపు కాయలను దాచి మట్టిలో పోసేవాడు గదా!

ఇక్కడ రెండు పొరపాట్లు తొలగించుకొనవలెను. క్రైస్తవులు “తిరిగి జన్మించుట” అనే మాట కూడా వాడుతారు. అది చనిపోయిన తరువాత మరొక గర్భములో పడుట కాదు. ఈ బ్రతుకులోనే మనసు మారి దేవుని బిడ్డగా మొదలుపెట్టుట. రెండవది, పునరుత్థానమంటే చనిపోయినవాడు పాత బ్రతుకుకే తిరిగి వచ్చుట కాదు. లాజరు అనే మిత్రుని క్రీస్తు బ్రతికించినట్లు యోహాను సువార్తలో ఉన్నది. ఆ లాజరు మరల చనిపోయే మనిషిగానే తిరిగి వచ్చినాడు. క్రీస్తు లేచినది మరల చావు లేని బ్రతుకునకు. అయినా ఆ లేచిన దేహములో మేకుల గాయములు ఉండినవి. శిష్యుల ఎదుట కాల్చిన చేపముక్క తిన్నాడని లూకా వ్రాసినాడు. గాయములు చూడనిదే నమ్మనన్న తోమా శిష్యుడు మదరాసు వద్ద పరంగిమలైలో హతుడైనాడని సంప్రదాయము. మహిమ పొందిన దేహములో కూడా పడిన కష్టము గుర్తులు చెరిగిపోలేదు అన్నది ఆలోచింపదగిన విషయము. నేతగాని వేళ్ళ మీది కాయలకు కూడా దేవుని దగ్గర లెక్క ఉన్నదని దాని భావము.

గుండ్లకమ్మ ఒడ్డున

రక్షణ దేవుని దానమని, కొనుక్కొనేది కాదని చెప్పుట సులభము. ఆ మాట నిజముగా పరీక్షకు నిలిచిన కాలము ఒకటి తెలుగు దేశ చరిత్రలో ఉన్నది.

1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును ధాత కరవు పట్టి పీడించినది. మన సీమ కూడా తప్పించుకోలేదు. మైసూరు సంస్థానములో 1871 లెక్కలకు 50 లక్షలకు పైగా ఉన్న జనము 1881 నాటికి 42 లక్షలకు లోపు అయినారు. ఈ ఒక్క లెక్క చాలు, ఎన్ని ఇండ్లలో దీపము ఆరినదో తెలుసుకొనుటకు.

ఆ సమయమున ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు పాదిరి ఉన్నాడు. నెల్లూరులో 1840లో మొదలైన ఆ తెలుగు మిషను చాలా ఏండ్లు ఫలించక, మూసివేయుదుమా అని అమెరికాలోని పెద్దలు పలుమార్లు ఆలోచించినారు. క్లౌ 1866లో ఒంగోలు చేరినాడు. ఆ ఏటనే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు బాప్తిస్మము పొందినాడు. పేరయ్య తోళ్ళ వ్యాపారము చేసినవాడు, అంతకు ముందు గురువుల వద్ద యోగము నేర్చి తానే శిష్యులకు ఉపదేశించినవాడు. ఏమీ తెలియక చేరినవాడు కాడు. వెదకి వెదకి చేరినవాడు.

పేరయ్య వెంట అతని వారు రాసాగినారు. అప్పుడు ఒక చిక్కు వచ్చినది. క్లౌ వద్దకు వచ్చి వింటున్న అగ్రకులముల వారు, మాదిగలను చేర్చుకొంటే తాము రామని తేల్చి చెప్పినారు. ఏమి చేయుటకు తోచక క్లౌ ఒక గదిలో బైబిలు తెరువగా, దేవుడు లోకములో బలహీనులను, నీచులని ఎంచబడిన వారిని ఏర్పరచుకొన్నాడని కొరింథు పత్రికలో ఉన్న చోటు కనబడినదట. మరొక గదిలో ఆయన భార్య తెరిచినదీ అదే చోటు. ఇది ఆయనే తన జ్ఞాపకములలో చెప్పుకొన్న సంగతి. మాదిగలను చేర్చుకొన్నారు, పెద్ద కులముల వారు వెళ్ళిపోయినారు.

చేరినవారికి ఆయన పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. వీటి వలన వారు ఊరి పెద్దలతో పడిన బాధలు చాలా ఉన్నవి. తిథికి డప్పు కొట్టమంటే కొట్టనివారికి ఊరిలో నీరు, కూలి దొరుకుట కష్టమైనది. లేచే దేహమని చెప్పబడిన దేహమునకు ఈ లోకములోనే కొంత మర్యాద కావలెనని వారికి తోచి ఉండవచ్చును.

ఇంతలో కరవు. బకింగుహాము కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ళ పనిని క్లౌ గుత్తకు తీసుకొన్నాడు. వేలమందికి కూలి దొరికినది. బోధకులే మేస్త్రీలు, పని విరామములో వారు సువార్త చెప్పేవారు. చాలామంది బాప్తిస్మము అడిగినారు. అక్కడ ఆయన ఒక నిశ్చయము చేసుకొన్నాడు: కరవు ఉన్నంత కాలము, కూలి డబ్బు తన చేతి నుండి వెళ్ళుచున్నంత కాలము, ఎవరికీ బాప్తిస్మము ఇవ్వరాదు. అన్నము కొరకు వచ్చినవాడెవడో, దేవుని కొరకు వచ్చినవాడెవడో తనకు తెలియదు. వచ్చినవానికి కూడా తెలియకపోవచ్చును. ఆ విధముగా ఏడాదికి పైగా ఆపినాడు.

కరవు పనులు ముగిసినవి. ఇక ఇచ్చుటకు తన వద్ద కూలి లేదు, గంజి లేదు. అయినా జనము తిరిగి వచ్చి అడిగినారు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలుకు సమీపమున వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని నీటిలో నిలిచి ప్రొద్దుటి నుండి సాయంకాలము వరకు ఇచ్చినారు. ఆ ఆరు వారములలో చేరినవారు ఎనిమిది వేలకు పైమాటే.

బాప్టిస్టులు ఇచ్చే బాప్తిస్మము తల మీద చిలకరించుట కాదు. మనిషిని నిలువునా నీటిలో ముంచి లేపుతారు. మునుగుట సమాధి, లేచుట పునరుత్థానము అని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో అర్థము చెప్పినాడు. రెండేండ్లు కండ్ల ఎదుట చావును చూచినవారు, తమ బిడ్డలను తమ చేతులతో పూడ్చినవారు, ఆ ఏటిలో మునిగి లేచినప్పుడు ఏమని తలచినారో మనకు వ్రాతపూర్వకముగా తెలియదు. పునరుత్థానమనే మాటను అర్థము చేసుకొనుటకు వారికి వ్యాఖ్యానము అవసరము లేదని మాత్రము చెప్పవచ్చును.

మధ్యలో పోయినవారు

ఈ కథ చెప్పినప్పుడు అమ్మ మెచ్చుకొన్నది. వెంటనే మరొక ప్రశ్న వేసినది. “ఆ పాదిరి ఆపిన ఏడాదిలో సచ్చిపోయినోళ్ళ సంగతేమి? అడిగినారు, ఇయ్యలేదు, పోయినారు. వాళ్ళకు రక్షణ లేదా?”

ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి క్రైస్తవుల జవాబు వారి సిద్ధాంతములోనే ఉన్నది. రక్షణ ఇచ్చేది నీరు కాదు, పాదిరి కాదు. బాప్తిస్మము దేవుడు ఆజ్ఞాపించిన గుర్తు. దానిని తేలికగా చూడరాదు. అయితే క్రీస్తు పక్కన సిలువ వేయబడిన దొంగ కడపటి గడియలో తనను జ్ఞాపకము చేసుకొమ్మని అడిగినాడు. అతనికి బాప్తిస్మము లేదు, చేసిన పుణ్యము లేదు, దిద్దుకొనుటకు కాలమూ లేదు. అయినా ఆ దినమే తనతో పరదైసులో ఉంటాడని క్రీస్తు అభయమిచ్చినాడు. చేయి చాచి అడిగి, గుర్తు అందకుండానే కన్నుమూసినవారిని దేవుడు త్రోసివేయడని పూర్వపు సంఘ పెద్దలు కూడా బోధించినారు. రక్షణ దానమే అయితే, దాత చేతిని మనిషి కట్టివేయలేడు.

కృప చేతనే రక్షణ అయితే మంచి పనులకు విలువ లేదా అని కూడా అడుగుతారు. దానమును సంపాదించుటకు పనులు కావు, దానము పొందినందుకు పనులు అని వారి మాట. పనులు లేని విశ్వాసము చచ్చినదని యాకోబు పత్రిక గట్టిగానే హెచ్చరిస్తుంది. అందువలననే రక్షింపబడినాము, రక్షింపబడుచున్నాము, రక్షింపబడుదుము అని మూడు కాలములలోను చెప్పుకొంటారు. మగ్గము మీద ఉన్న చీర వంటిది. మొదలైనది, నడుచుచున్నది, ముగియవలసి ఉన్నది.

తరువాత అమ్మ కాల్చిన వారిని గురించి అడిగినది. బూడిద అయినవారు ఎట్లా లేస్తారు? మొదటి శతాబ్దములలో ఎందరో క్రైస్తవులు అగ్నిలో వేయబడినారు, మృగములకు ఆహారమైనారు. మట్టి నుండి చేసినవానికి బూడిద అడ్డము కాదని అప్పుడే జవాబు చెప్పుకొన్నారు. సమాధి చేయుట వారి ఆచారము. కథోలిక సంఘము 1963లో దహనమును కూడా అనుమతించినది.

అన్నిటికంటె కష్టమైనది చివరి ప్రశ్న. అమ్మ గొంతు తగ్గించి అడిగినది: “మన మాటేమి? ఆమె లేచినప్పుడు నేనాడ ఉంటానో!”

దీనికి క్రైస్తవులందరూ ఒకే జవాబు చెప్పరు. క్రీస్తును నమ్మి ఒప్పుకొన్న వారికే రక్షణ అని కొన్ని సంఘములు నిశ్చయముగా బోధిస్తవి. కథోలికుల రెండవ వాటికన్ మహాసభ 1964లో వెలువరించిన పత్రములో, తమ తప్పు లేకుండా సువార్తను ఎరుగక, నిజమైన మనసుతో దేవుని వెదకుచు మనస్సాక్షి ప్రకారము నడిచేవారు కూడా రక్షణ పొందవచ్చునని చెప్పినది. తీర్పు దేవునిదని, తమది కాదని చెప్పి ఊరకుండేవారు ప్రొటెస్టెంటులలో చాలమంది ఉన్నారు. ఉన్నది ఉన్నట్లు అమ్మకు చెప్పినాను. తీపి చేసి చెప్పుట టీచరమ్మ నమ్మకమునకు మర్యాద కాదనిపించినది. అమ్మ విని, “సరే, ఆమె దేవుడు ఆమె మాట వినడా?” అన్నది. నేను మరేమీ చెప్పలేదు.

పున్నమి తరువాతి ఆదివారము

మరుసటి వసంతములో టీచరమ్మ బంధువులు ఈస్టరుకు రమ్మని కబురు పంపినారు. ఈ పండుగకు తేదీ స్థిరముగా ఉండదు. మనవలెనే చంద్రుని చూచి లెక్క కట్టుదురు. క్రీ.శ. 325లో నైసియాలో కూడిన సభ దీనిని అందరూ ఒకే ఆదివారము జరుపవలెనని తీర్మానించినది. తరువాత స్థిరపడిన లెక్క ప్రకారము మార్చి 21 మొదలుకొని వచ్చే పున్నమి దాటిన తొలి ఆదివారము ఈస్టరు. అందువలన అది మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య, మన ఉగాదికి అటూ ఇటూగా వస్తుంది.

తెలుగు క్రైస్తవులలో చాలా చోట్ల ఈ పండుగకు ముందు సమాధులను శుభ్రము చేసి సున్నము వేస్తారు. ఆదివారము తెల్లవారక మునుపే కుటుంబములన్నీ సమాధుల తోటకు చేరుతవి. మేము వెళ్ళినప్పుడు ఇంకా చీకటే. ప్రతి సమాధి మీద కొవ్వొత్తులు, బంతిపూలు. పిల్లలు నిద్రకండ్లతో తాతల సమాధుల పక్కన నిలబడి ఉన్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాటపాటకూ పైన రాగము, తాళము అచ్చు వేసి ఉంటవి. పురుషోత్తమ చౌదరిగారి వంటి వారి కాలము నుండి ఆ పాటలు మన బాణీలలోనే నడుస్తున్నవి. డోలక్, తాళములతో పాడుతుంటే వినుటకు భజన వలెనే ఉన్నది. తూరుపు తెల్లబడగానే పాదిరిగారు క్రీస్తు లేచినాడని చెప్పగా, అందరూ నిజముగా లేచినాడని బదులు పలికినారు. ఏడ్చినవారు లేకపోలేదు. నిరీక్షణ ఉన్నవారికి దుఃఖము ఉండదని వారు చెప్పరు. నిరీక్షణ లేని దుఃఖము వద్దని మాత్రము చెప్పుకొంటారు.

ఆంగ్లేయులు శ్మశానమునకు వాడే సెమెట్రీ అనే మాటకు గ్రీకు మూలములో నిద్రించే చోటు అని అర్థము. ఆ రాతి మీది మాట కూడా అటువంటిదే. ఆ ఉదయము ఆ తోట నిజముగా రాత్రి చాలా మంది పడుకొని, ఎవరో వచ్చి లేపుదురని ఎదురు చూచే సత్రము వలె కనబడినది.

అమ్మ తాను కట్టి తెచ్చిన పూలమాలను రాతి మీద ఉంచినది. తెచ్చిన సంచిలో నుండి ఒక చిన్న పోగు కట్ట తీసి, ఎవరూ చూడకుండా పూల కింద పెట్టినది. టీచరమ్మ మా ఇంట కూర్చుని చూచే పట్టు పోగులవి. ఎందుకమ్మా అంటే, “లేచినప్పుడు చేతికి అందుబాటులో ఉంటుంది” అన్నది.

పాఠక సోదర సోదరీమణులకు ఒక మనవి. మీ వీధిలోను ఒక క్రైస్తవ కుటుంబము ఉండవచ్చును. వారి పెండ్లికి వెళ్ళినట్లే వచ్చే ఈస్టరు తెల్లవారుజామున వారి పెద్దల సమాధుల వద్దకు కూడా ఒకసారి వెళ్ళి నిలబడండి. వారి నమ్మకము మనది కానక్కరలేదు. ఏండ్ల తరబడి పక్కపక్కన బ్రతికినవారు ఏ ఆశతో కన్నుమూసినారో తెలుసుకొనుట ఇరుగు పొరుగు ధర్మములో ఒక భాగము.